చిలికాలో ఒక రోజు: దూరం నుంచి చూడడం ఎలా, ఎందుకు?



బరంపురంలో రైలెక్కి భువనేశ్వర్ వైపు ఎన్నిసార్లు వెళ్ళామో మనలో ఎవరికీ లెక్క ఉండదు. రంభ దగ్గరపడగానే కుడిచేతి వైపు కిటికీల్లో నీళ్ళు మొదలవుతాయి. పిల్లలు "సముద్రం! సముద్రం!" అని లేచి నిలబడతారు. పెద్దవాళ్ళు "సముద్రం కాదర్రా, చిలికా" అని కూర్చోబెడతారు. బాలుగాం దాటేవరకు ఆ నీళ్ళు కనబడుతూ, మాయమవుతూ మన వెంటే వస్తాయి. సంక్రాంతికి కాళిజాయి అమ్మవారి దర్శనం కోసం పడవెక్కినవాళ్ళూ మనలో చాలామందే ఉన్నారు. అయినా చిలికాని దాటామంటే నిజం గానీ, చూశామంటే పూర్తి నిజం కాదు.

చలికాలం వస్తే మన ఇళ్ళ నుంచి, మన బడి నుంచి చాలామంది చిలికాకి బయల్దేరతారు. అక్కడ ఒక్క రోజులో ఏమేం చూడొచ్చు, ఎలా చూడాలి, ఎందుకు అలాగే చూడాలి అన్నది ఈసారి వివరంగా చెప్పుకుందాం. దానికి ముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకుని సాతపడా వెళ్ళాను. అరగంట తిరిగాక దూరంగా బూడిదరంగు వీపు ఒకటి నీళ్ళ మీద తేలి మునిగింది. దాని పక్కనే ఇంకో చిన్న వీపు. తల్లీ పిల్లా. పడవ నడిపే అబ్బాయి తనంతట తనే ఇంజను ఆపేశాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేనే ఉండబట్టలేక, "ఇంకొంచెం దగ్గరికి పోనీ బాబూ, వెనకవాళ్ళకి కనబడలేదు" అన్నాను. అతను ఒకసారి నా వంక చూసి, ఏమీ అనకుండా ఇంజను వేశాడు. మమ్మల్ని చూసి ఇంకో మూడు పడవలు అటే తిరిగాయి. అంతే. ఆ తర్వాత గంటసేపు తిరిగినా నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఒడ్డుకి వస్తుంటే ఒక పాప అడిగింది: "మాస్టారూ, మనం దగ్గరికి వెళ్ళకపోయుంటే అవి అక్కడే ఉండేవా?"

ఆ రోజు మాట దాటేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ పాపకి ఇవ్వాల్సిన జవాబే.

అసలు చిలికా అంటే ఏమిటి?

చిలికా చెరువు కాదు, సముద్రమూ కాదు. రెండింటికీ మధ్య ఉన్నది. తిరుపతి, తిరువళ్ళూరు జిల్లాల మధ్య పులికాట్ సరస్సు ఉందే, అలాంటిదే, దానికంటే పెద్దది. ఒకవైపు నుంచి దయా, భార్గవి లాంటి నదులు, చిన్నా పెద్దా వాగులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. ఇంకోవైపు బంగాళాఖాతం ఉప్పునీళ్ళు లోపలికి వస్తాయి. ఈ రెంటినీ వేరుచేస్తూ మధ్యలో సన్నటి, పొడవైన ఇసుక కట్ట. దాని మీద సర్వి తోటలు, పల్లెలు, ఎక్కడెక్కడో సముద్రానికి దారిచ్చే నోళ్ళు. లోపల బర్కుడ, కాళిజాయి, నలబన లాంటి ద్వీపాలు.

పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాల మీద పరుచుకున్న ఈ సరస్సు వానాకాలంలో దాదాపు 1,165 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, ఎండాకాలంలో 906కి తగ్గుతుంది. ఇంత పెద్దదైనా చాలాచోట్ల నిలువెత్తు లోతు కూడా ఉండదు. ఎండ అడుగుదాకా దిగుతుంది, గడ్డి మొలుస్తుంది, చేపలు, రొయ్యలు, పీతలు పెరుగుతాయి. వాటి కోసం పక్షులు, డాల్ఫిన్లు, మనుషులు. లక్షకు పైగా జనం ఈ నీళ్ళ మీదే బతుకుతున్నారు. 1981లో మన దేశం నుంచి అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలోకి మొదటగా ఎక్కిన చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. రెండోది రాజస్థాన్‌లోని కేవలాదేవ్.

మధ్యలో ఇది దాదాపు చేజారిపోయింది. సముద్రపు నోరు ఇసుకతో పూడుకుపోతూ వచ్చింది. ఉప్పు తగ్గింది. మంచినీటి కలుపు మొక్కలు కమ్మేశాయి. సముద్రం నుంచి లోపలికి రావాల్సిన చేపపిల్లలకి దారి లేకపోయింది. 1993లో చిలికాని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టీలో చేర్చారు. ఏడాదికి దొరికే చేపలు, రొయ్యలు, పీతలు అన్నీ కలిపి 1,700 టన్నుల దాకా పడిపోయాయి. అప్పుడు చిలికా అభివృద్ధి సంస్థ బాగా ఆలోచించి, 2000 సెప్టెంబరులో సిపకుడ దగ్గర ఇసుక కట్టని తవ్వి సముద్రానికి కొత్త నోరు తెరిచింది. రెండేళ్ళు తిరక్కుండా పట్టుబడి 10,000 టన్నులు దాటింది. 2002లో ఆ ప్రమాదపు పట్టీ నుంచి చిలికా పేరు తీసేశారు. అదే ఏడాది ఆ సంస్థకి రామ్‌సర్ బహుమతి కూడా వచ్చింది.

పిల్లలకి ఈ కథ తప్పక చెప్పండి. పాడైనదాన్ని మనుషులే బాగుచేసుకోగలరని చూపించే కథలు పాఠ్యపుస్తకాల్లో తక్కువగా ఉంటాయి. ఇదైతే మన ఊరికి నాలుగు గంటల దూరంలో జరిగింది.

పొద్దున: ముక్కు లేని డాల్ఫిన్

మన వైపు నుంచి సాతపడాకి గంజాం, పాలూరు మీదుగా వెళ్ళే దారి ఉంది. ఒకపక్క చిలికా, ఇంకోపక్క సముద్రం ఉన్న సన్నటి నేల మీద బండి వెళ్తుంది. చివర జహ్నికుద దగ్గర బండితో సహా బల్లకట్టు లాంటి పెద్ద పడవెక్కి సాతపడా చేరతాం. తెల్లవారకముందే బయల్దేరితే మంచిది. గాలి లేవకముందు నీళ్ళు అద్దంలా ఉంటాయి. అలలు లేని నీళ్ళలోనే డాల్ఫిన్ తేలిగ్గా కనబడుతుంది.

టీవీలో చూసిన డాల్ఫిన్ని మనసులోంచి తీసేసి పడవెక్కండి. చిలికాలో ఉండేది ఇరావడీ డాల్ఫిన్. దీనికి పొడుగాటి మూతి ఉండదు. తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది. వీపు మీద చిన్న మూడుమూలల రెక్క. పెద్దదైతే రెండు, రెండున్నర మీటర్ల పొడవు. ఇది గాల్లోకి ఎగిరి గంతులెయ్యడం చాలా అరుదు. నెమ్మదిగా పైకొస్తుంది, తల పైభాగం, వీపు కొంచెం చూపిస్తుంది, "ఫుస్" మని గాలి వదిలి మళ్ళీ దిగిపోతుంది. మొత్తం రెండు మూడు క్షణాలే. "ఇంతేనా?" అనుకునేలోపే అయిపోతుంది. డబ్బులిచ్చి వచ్చినవాళ్ళకి ఇది చాలదు. "దగ్గరికి పోనీ" అన్న మాట అక్కడే పుడుతుంది.

దీని పేరు బర్మాలోని ఇరావడీ నది మీద వచ్చింది. మన తాతముత్తాతల కాలంలో గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళు మనలో ఉన్నాయి కాబట్టి ఆ నది పేరు కొందరు పిల్లలు విని ఉంటారు. అయితే శాస్త్రజ్ఞులకి ఈ జీవి మొదట దొరికింది బర్మాలో కాదు, విశాఖపట్నం రేవులో. 1852లో అక్కడ దొరికిన దాన్ని పట్టి, 1866లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించి పేరుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. మన వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే, మొదటి షెడ్యూలు. చిలికాలో ఈమధ్య లెక్కల్లో తేలినవి 150 అటూ ఇటూ. మన బడిలో మూడు తరగతుల పిల్లలు ఎంతమందో అన్ని, అంతే.

ఇక ఆ పాప ప్రశ్న. దగ్గరికి వెళ్తే ఏమవుతుంది?

డాల్ఫిన్ చేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకి పాలిస్తుంది. తల్లి కడుపులో పిల్ల ఏడాదికి పైగా ఉంటుంది, ఒక కాన్పుకి ఒకే పిల్ల. కాబట్టి ఒక్కటి చచ్చిపోతే ఆ లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది. చిలికా నీళ్ళు బురదగా ఉంటాయి, కంటితో చేపని వెతకడం కుదరదు. అందుకని డాల్ఫిన్ నోట్లో నాలుక చప్పుడు చేసినట్టు టక టకమని శబ్దాలు పంపి, అవి తగిలి తిరిగొచ్చే తీరుని బట్టి చేప ఎక్కడుందో, వల ఎక్కడుందో, తన పిల్ల ఎక్కడుందో తెలుసుకుంటుంది. దాని చూపంతా చెవిలోనే ఉందన్నమాట.

ఇప్పుడు ఆ చోటికి డీజిలు ఇంజను పడవ వెళ్ళిందనుకోండి. గాల్లో కంటే నీళ్ళలో శబ్దం నాలుగు రెట్లకు మించిన వేగంతో, ఎక్కువ దూరం పోతుంది. మనకి ఆ చప్పుడు చిరాకు మాత్రమే. దానికి కళ్ళల్లో టార్చిలైటు కొట్టినట్టు. ఒకటి కాదు, నాలుగు పడవలు నాలుగు పక్కల నుంచి వస్తే ఎటు పోవాలో తోచదు. పైకొచ్చి గాలి పీల్చుకునే చోట ఇంజను రెక్క తిరుగుతుంటుంది. పెద్దది ఎలాగో తప్పించుకుంటుంది. తరచుగా పైకి రావాల్సిన పిల్ల? రెక్క తగిలి దెబ్బలు తినడం, వలల్లో చిక్కి గాలందక చచ్చిపోవడం, ఈ రెండూ చిలికా డాల్ఫిన్లకి ఉన్న నిజమైన అపాయాలు.

కాబట్టి అమ్మా, నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఇది: ఉండేవి. మనం వెళ్ళకపోయుంటే అవి అక్కడే ఉండేవి. బహుశా ఇంకో పావుగంట మనకి కనబడేవి కూడా.

మరి ఎలా చూడాలి?

పడవకీ డాల్ఫిన్‌కీ మధ్య కనీసం 50 మీటర్లు ఉండనివ్వండి. క్రికెట్ పిచ్‌లు రెండున్నర వరసగా పరిచినంత దూరం. పడవ దాని ముందుకి వెళ్ళకూడదు, చుట్టూ తిరక్కూడదు. కనబడగానే వేగం తగ్గించి, ఇంజను ఆపించండి. ఎండ మీ వెనక ఉండేటట్టు కూర్చోండి. మొదట బైనాక్యులర్లు పెట్టుకోవద్దు, ఉత్త కళ్ళతో వెడల్పుగా చూడండి. నీళ్ళ మీద తెల్ల పక్షులు ఒకచోట గుమిగూడి దూకుతున్నాయంటే కింద చేపల మంద ఉన్నట్టు, డాల్ఫిన్ కూడా ఉండొచ్చు. మాట్లాడకుండా ఉంటే కనబడకముందే వినబడుతుంది. ఆ "ఫుస్" ఒక్కసారి విన్న పిల్లలు ఇంక మర్చిపోరు. ఒకసారి లేచింది మరోసారి లేచేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. నీళ్ళ కింద ఎంతసేపుందో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

పడవ నడిపేవాళ్ళ మీద కోప్పడొద్దు. దగ్గరికి తీసుకెళ్తేనే పెద్దమనుషులు మెచ్చుకుని పైన పదో పాతికో ఇస్తారని వాళ్ళకి మనమే నేర్పాం. ఎక్కేముందే నెమ్మదిగా చెప్పండి: "ఆస్తే చాలంతు భాయి, పాఖకు జిబా దరకార నాహిఁ." ఒడియా మన పిల్లలకి మనకంటే బాగా వచ్చు, వాళ్ళ చేతే చెప్పించండి. దూరంగా ఆపినందుకే ఆ పాతిక ఇవ్వండి. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు అలాగే చేశాను. పడవతను నవ్వి, ఇంజను ఆపి, గెడ కర్రతో పడవని నిలబెట్టి, ఏ దిక్కున చూడాలో తనే వేలు పెట్టి చూపించాడు. మనకంటే ఆ నీళ్ళు అతనికే బాగా తెలుసు.

మధ్యాహ్నం: ఇసుక కట్ట మీద

సాతపడా ఎదురుగా, సముద్రపు నోటి దగ్గర రాజహంస అనే ఇసుక తీరం ఉంది. పడవ చిలికా వైపు ఆగుతుంది. దిగి కాస్త నడిస్తే అవతల ఒక్కసారిగా బంగాళాఖాతం హోరు. వెనక నిలకడ నీళ్ళు, ముందు విరిగిపడే అలలు. అక్కడ స్నానానికి దిగకండి. నోటి దగ్గర ప్రవాహం ఈతగాళ్ళని కూడా లాగేస్తుంది.

ఇసుక మీద ఎర్ర పీతలు ఉంటాయి. దూరం నుంచి చూస్తే నేల మీద కుంకుమ చల్లినట్టుంటుంది. నాలుగడుగులు వేసేసరికి ఒక్కటీ ఉండదు. అవి మన మాటలకంటే ముందు మన అడుగుల అదురుని కాళ్ళతో పసిగట్టి కన్నాల్లోకి దూరిపోతాయి. పిల్లలూ, ఇక్కడ ఒక పరీక్ష చేసి చూడండి. ఒక కన్నానికి పది అడుగుల దూరంలో కదలకుండా కూర్చోండి. అయిదు నిమిషాలు. మొదట కాడల చివర రెండు కళ్ళు పైకొస్తాయి. తర్వాత ఒక కాలు. తర్వాత మొత్తం పీత. మీరు నిజంగా కదలకపోతే అది తన పని తాను చేసుకుంటుంది: ఇసుక తీసి నోట్లో పెట్టుకుని, తినేది తిని మిగతాది వదిలేస్తుంది. తరిమితే దొరకని పీత, కూర్చుంటే తనంతట తనే వచ్చింది. ఈ రోజు మొత్తానికి పాఠం అదే.

ఆ తీరంలోనే ఇంకో సంగతి జాగ్రత్త. కొందరు బకెట్లో ఆల్చిప్పలు పెట్టుకుని వస్తారు. మీ ముందే ఒకటి పగలగొట్టి ముత్యమో, ఎర్రరాయో తీసి చూపించి బేరం పెడతారు. ఆల్చిప్పలో ముత్యం పుడుతుంది, అదీ ఎప్పుడో ఒకటి. ఎర్రరాయి, పచ్చరాయి భూమిలో పుట్టేవి, ఆల్చిప్పలో పుట్టవు. ఏడో తరగతి సైన్సు వచ్చినవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని ఆపగలరు. కొనేవాళ్ళుంటేనే ఇంకో బకెట్ ఆల్చిప్పలు చస్తాయి. గవ్వలు, శంఖాలు కూడా అక్కడే వదిలెయ్యండి. ఖాళీ శంఖం ఇంకో జీవికి ఇల్లు అవుతుంది.

చలికాలంలో ఈ తీరం మీద చచ్చిపోయి కొట్టుకొచ్చిన సముద్రపు తాబేలు కనబడితే పిల్లల కళ్ళు మూయకండి, నిజం చెప్పండి. మన గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట వేలకువేలుగా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళివే. ఇవి కూడా డాల్ఫిన్‌లాగే గాలి పీల్చే జీవులు. పెద్ద వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకే ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల లోపు సముద్రంలో చేపల వేట ఆపేస్తారు. ఆ ఏడు నెలలు వేట లేక ఇల్లు గడుపుకునేవాళ్ళలో మన భాష మాట్లాడే తీరపు పల్లెలవాళ్ళూ ఉన్నారు. తాబేలు బతకడానికి ఎవరెవరు ఎంత వదులుకుంటున్నారో కూడా పిల్లలకి తెలియాలి.

సాయంత్రం వైపు: నలబన పక్షులు

నల అంటే రెల్లుజాతి గడ్డి, బన అంటే వనం. నలబన వానాకాలంలో నీళ్ళ కింద ఉంటుంది. చలికాలానికి నీళ్ళు తగ్గి బురద నేల, గడ్డి బయటపడతాయి. సరిగ్గా అప్పుడే ఉత్తరాన చెరువులు గడ్డకట్టి ఆకలైన పక్షులు సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా, లడాఖ్ వైపుల నుంచి దిగుతాయి. 15 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ ద్వీపాన్ని 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. జనవరిలో చిలికా అంతటా పక్షుల్ని లెక్కపెడతారు. ఈమధ్య ఏళ్ళలో ఆ లెక్క పది లక్షలు దాటుతూనే ఉంది.

అక్కడ ద్వీపం మీదికి దిగి తిరగనివ్వరు. పడవ అంచు నుంచే చూడాలి. సూదిలా తోక సాగిన బాతులు, గరిటె లాంటి ముక్కున్న బాతులు, తల వెనక రెండు నల్ల పట్టీలున్న బార్ హెడెడ్ గూస్, పొడుగు కాళ్ళ రాజహంసలు, నత్తలు తినే కొంగలు, నీటికాకులు, పైన చక్కర్లు కొట్టే గరుడపక్షి. ఆ పట్టీల తల పెద్దబాతు హిమాలయాలు దాటి వచ్చిన పక్షి. మన పిల్లలు అయిదో తరగతిలో పటం మీద వేలితో దాటే కొండల్ని అది రెక్కలతో దాటింది.

"ఒక్కసారి చప్పట్లు కొడితే అన్నీ లేస్తాయి, ఫొటో బాగుంటుంది" అని పడవలో ఎవరో ఒకరు అంటారు. వాళ్ళని ఆపండి. ఎందుకంటే, ఈ బాతుల్లో చాలావరకు రాత్రిళ్ళు మేసి పగలు నిద్రపోతాయి. మార్చి నాటికి ఒంట్లో సరిపడా కొవ్వు పట్టించుకుంటేనే వేల కిలోమీటర్లు తిరిగి వెళ్ళి అక్కడ గుడ్లు పెట్టగలవు. లేచిన ప్రతిసారీ ఆ కూడబెట్టిన కొవ్వులోంచి కొంత ఖర్చు. డేగ వచ్చి లేపితే అది ప్రకృతి, రోజుకి ఒకటి రెండుసార్లు. మనం లేపితే రోజుకి ఎన్ని పడవలైతే అన్నిసార్లు. అక్కడ చప్పట్లకి పోయేది ఇంకెక్కడో పుట్టాల్సిన పిల్ల.

లక్షల పక్షుల్ని ఎలా లెక్కపెడతారని పిల్లలు అడుగుతారు. ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. మందలో ఒక మూల పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకుంటారు. అంత చోటు మొత్తం మందలో ఎన్నిసార్లు పడుతుందో చూస్తారు. ఇరవైసార్లు పడితే రెండువందలు. పెద్ద మందైతే పదికి బదులు వందతో మొదలుపెడతారు. ఇంట్లో పళ్ళెంలో గుప్పెడు కందిపప్పు చల్లి ఈ పద్ధతి సాధన చెయ్యండి. ముందు అంచనా రాసుకుని, తర్వాత నిజంగా లెక్కపెట్టి, తేడా ఎంతో చూసుకోండి. పది రోజులు చేస్తే మీ కన్ను ఎంత పదునెక్కుతుందో మీకే తెలుస్తుంది.

కనబడని జంతువు

చిలికా చుట్టూ రెల్లు, తుంగ దుబ్బుల్లో బావురుపిల్లి ఉంటుంది. చేపలు పట్టి తినే అడవిపిల్లి. ఊళ్ళో పిల్లికి రెట్టింపు ఉంటుంది, ఒంటి మీద నల్ల మచ్చలు. 2022లో చెప్పిన లెక్క ప్రకారం చిలికాలో ఇవి 176. ఆ లెక్క కూడా రాత్రిపూట తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు దుబ్బుల్లో కట్టి తీసిందే. పగలు వెళ్ళే మనకి అది కనబడదు. అయినా ఒడ్డున బురదలో గోళ్ళు ఆనిన అడుగుజాడ కనబడితే ఆగి చూడండి. కనబడకపోయినా పక్కనే ఉందని తెలియడం కూడా చూడడంలో భాగమే.

వేటగాళ్ళే కాపలాదార్లైన ఊరు

దూరంగా ఉండి చూస్తే ఏం లాభం అనేవాళ్ళకి మంగళాజోడి సంగతి చెప్పండి. చిలికా ఉత్తరపు ఒడ్డున, టాంగి దగ్గర ఉన్న పల్లె అది. ఒకప్పుడు అక్కడ చాలామంది పక్షుల్ని వేటాడి అమ్ముకునేవాళ్ళు. తర్వాత ఆ చేతులే కాపలా పట్టాయి. ఏ పక్షి ఎక్కడ దాక్కుంటుందో వేటగాడికంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు వాళ్ళే గెడతో తోసే పడవల్లో, ఇంజను చప్పుడు లేకుండా మనుషుల్ని తీసుకెళ్ళి పక్షుల్ని చూపిస్తున్నారు. బెదిరించేవాళ్ళు లేకపోవడంతో అక్కడి పక్షులు పడవకి బాగా దగ్గరగా మేస్తాయి. 2018లో ఆ ఊరి పర్యాటక ట్రస్టుకి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ బహుమతి వచ్చింది. దగ్గరితనం అక్కడ పక్షులు ఇచ్చింది, మనుషులు లాక్కున్నది కాదు.

బయల్దేరే ముందు

తల్లిదండ్రులకి కొన్ని మాటలు. పడవలో ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందో లేదో మీరే చూడండి, లేకపోతే ఎక్కొద్దు. "ఎండగా ఉంది" అని పిల్లలు తీసేస్తామన్నా ఒప్పుకోవద్దు. డాల్ఫిన్ కనబడగానే అందరూ ఒకే పక్కకి లేచి వెళ్తే పడవ ఒరుగుతుంది. కూర్చున్నచోట కూర్చునే చూడాలని ముందే చెప్పి ఉంచండి. టోపీ, సీసాలో నీళ్ళు, పులిహోరో రొట్టెలో డబ్బాలో పెట్టి పంపండి. చిప్స్ పొట్లాలు వద్దు, గాలికి ఎగిరి నీళ్ళలో పడినది ఏదో ఒక జీవి కడుపులోకి పోతుంది. పక్షులకి, చేపలకి తినడానికి ఏమీ వెయ్యొద్దు. స్పీకర్లో పాటలు వద్దు. ఎర్రటి, మెరిసే బట్టలకంటే ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు మేలు. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే ఉండాలి.

పిల్లలు ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. చూసిన ప్రతిదానికీ నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకి, ఎన్ని, ఏం చేస్తోంది, మనల్ని చూసి ఏం చేసింది. ఆ నాలుగోదే ముఖ్యం. "మనల్ని చూసి ఏమీ చెయ్యలేదు, తన పని తాను చేసుకుంటూ పోయింది" అని రాయగలిగితే మీరు బాగా చూసినట్టు. "ఎగిరిపోయింది, మునిగిపోయింది, పారిపోయింది" అని రాయాల్సి వస్తే మనం ఎక్కడ తప్పామో పక్కనే రాయండి. సిగ్గుపడక్కర్లేదు. నా పుస్తకంలో మొదటి పేజీ అదే.

పేర్లు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో మూడింట్లోనూ రాసుకుంటే ఇంకా మంచిది. పక్షి తెలుగు పేరు మీకు తెలియకపోతే ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. వాళ్ళకి తెలిసిన పేర్లు ఎన్నో ఏ పుస్తకంలోనూ లేవు.

ఫొటో రాకపోయినా, డాల్ఫిన్ ఒక్కసారే కనబడినా, ఆ రోజు వృథా పోయిందని అనుకోకండి. ఇంటికొచ్చాక పిల్లల్ని "ఎన్ని చూశావు?" అని అడక్కుండా "ఎంతసేపు చూశావు?" అని అడిగి చూడండి.